దాచని మిషను

పుదుచ్చేరి ముత్తియాల్‌పేటలో రవికలు కుట్టేవాళ్లు చాలామంది ఉన్నారు. అయినా పెళ్లికూతురి రవిక అంటే నెల్లితోపు నుంచి కూడా బస్సెక్కి కనకం ఇంటికే వస్తారు. చిన్న వయసులో కాన్వెంటు సిస్టర్ల దగ్గర కుట్టు నేర్చుకున్న మనిషి ఆమె. చంక కింద ఒక్క ముడత పడినా విప్పి మళ్లీ కుడుతుంది. ఆలస్యమైందని ఎవరన్నా సణిగితే, "తొందరగా కావాలంటే అంగట్లో రెడీమేడ్ ఉంటాది, పోయి కొనుక్కో" అంటుంది. వాళ్లు పోరు. అక్కడే కూర్చుంటారు.

ఆమె ముత్తాతలు నెల్లూరు వైపు నుంచి ధాన్యం వ్యాపారానికి వచ్చి పుదుచ్చేరిలోనే ఉండిపోయారు. ఇంట్లో తెలుగు, గడప దాటితే తమిళం. తెలుగు అక్షరాలు ఆమెకు రావు. మాట మాత్రం పదునుగా వస్తుంది.

ఆ పదును వల్ల ఒకసారి మంచి పని పోగొట్టుకుంది. బీచి దగ్గర వీధుల్లో టూరిస్టులకు బట్టలమ్మే పెద్ద అంగడి ఒకటి ఆమెకు కుట్టుపని ఇచ్చేది. షరతు ఒక్కటే. కుట్టేది తనేనని ఎవరికీ చెప్పకూడదు. కొనేవాళ్లకు ఎవరో డిజైనరు కుట్టినట్టు చెప్పుకునేవాళ్లు. ఒకరోజు కనకం మూట తీసుకుని వెళ్లేసరికి ఒకావిడ రవిక వేసుకుని అద్దం ముందు నిలబడి ఉంది. ఈమె ఎవరని ఆవిడ అడిగింది. "ఇస్త్రీ బట్టలు తెచ్చే మనిషి" అంది అంగడి యజమానురాలు. కనకం మూటను బల్ల మీద పెట్టి, "చంక కింద బిగుతుగా ఉంటే చెప్పండమ్మా, కుట్టింది నేనే" అని తమిళంలో చెప్పి బయటికొచ్చేసింది. మళ్లీ ఆ అంగడి మెట్లు ఎక్కలేదు.

"నోరు మూసుకోనుంటే ఏం పోతుండె?" అన్నాడు భర్త సుబ్బరాయలు. ఆయన బియ్యం మండీలో గుమస్తాగా చేసేవాడు, గొడవలంటే పడని మనిషి.

"కుట్టిందాన్ని నేనైతే ఇస్త్రీదాన్ని ఎట్ల అయితా?" అంది కనకం. అంతటితో ఆ సంగతి అయిపోయింది.

యాభై దాటాక మోకాళ్లు మొరాయించాయి. ఇక మిషను తొక్కితే నడక కూడా పోతుందని డాక్టరు గట్టిగా చెప్పాడు. ప్రైవేటు ఆసుపత్రి ఆఫీసులో పనిచేస్తున్న కూతురు అనుప్రియ మొదటి జీతం రాగానే తల్లి మిషనుకు మోటారు పెట్టించింది. కాలితో తొక్కిన పాత మిషనే, ఇప్పుడు చిన్నగా బొటనవేలు ఆనిస్తే చాలు పరుగెత్తింది. కనకం ఆ రోజు కూతురి కోసం పరవాణ్ణం వండింది. ఆ మోటారే తర్వాత ఇంత రచ్చకు దారి తీస్తుందని అప్పుడు ఇంట్లో ఎవరికీ తెలియదు.

ఎండాకాలం మొదట్లో వీధి చివర సోలార్ క్యాంపు పెట్టారు. మిద్దె మీద సోలార్ పలకలు పెట్టుకునే ఇళ్లకు సర్కారు సబ్సిడీ ఇస్తుందని మైకులో చెప్పారు. కనకం ఇంటి మొట్టమాడి మీద, అంటే మిద్దె మీద, పగలంతా ఎండే. ఆరేసిన బట్టలు తీయడానికి పోతే అరికాళ్లు కాలిపోతాయి. ఆ మిద్దె కింద, వేడికి ఉడికిపోతూ, ఫ్యాను పెట్టుకుని ఆమె కుడుతుంది. ఇన్నేళ్లూ మమ్మల్ని ఉడికించింది చాలు, ఇక ఈ ఎండ కూడా కొంచెం పనిచేయనీ అనుకుంది. అనుప్రియ ఫోనులోనే దరఖాస్తు పెట్టేసింది.

చూడడానికి కరెంటాఫీసు నుంచి ఫణిధర్ అనే కుర్ర ఇంజినీరు వచ్చాడు. యానాం నుంచి కొత్తగా బదిలీ మీద వచ్చినవాడు. లోపల కనకం, సుబ్బరాయలు మాట్లాడుకోవడం విని అతని మొహం విప్పారింది.

"మీరు తెలుగువాళ్లాండీ? మాట కాస్త వేరేగా ఉంటేనూ, ముందు పోల్చుకోలేదు."

"మీదే వేరేగా ఉంది సార్. మేం ఎప్పటినుంచో ఇట్లనే మాట్లాడతన్నాం" అంది కనకం.

అతను నవ్వాడు. మిద్దె ఎక్కి చూసి, ఎక్కడా నీడ పడడం లేదు, బ్రహ్మాండంగా ఉందన్నాడు. కిందికి దిగి, ఇచ్చిన కాఫీ తాగుతూ ముందు గదిలో కిటికీ పక్కనున్న మిషను వైపు చూశాడు. దాని మీద ఎర్రపట్టు రవిక ఒకటి సగం కుట్టి ఉంది.

"అది మోటారు మిషనాండీ?"

"అవు. మోకాళ్లు పోయినాయి. తొక్కలేను."

"ఇంట్లోవాళ్లకే కుడతారా, బయటివాళ్లకి కూడానా?"

"ఇంట్లో ఉండేది ముగ్గురం. ఆయన రవిక ఏసుకోడు. బయటోళ్లకే కుడతా."

ఫణిధర్ గ్లాసు కింద పెట్టాడు. సబ్సిడీ ఇళ్లకు మాత్రమేనని, ఇంట్లో మోటారు పెట్టి బయటివాళ్ల పని చేస్తే రూలు ప్రకారం అది ఇల్లు కాదని, కమర్షియల్ అని చెప్పాడు. సబ్సిడీ రాదు సరికదా, ఇంటి మీటరు కూడా అంగడి రేటుకు మారిపోతుంది. అంతా చెప్పి గొంతు తగ్గించాడు.

"నేను మళ్లీ బుధవారం వస్తానండీ. ఆ పూటకి మిషను పక్కింట్లోనో, మంచం కిందో పెట్టించేయండి. నాకు కనబడకపోతే రాయక్కర్లేదు కదా. ఈ వీధిలో అందరూ అదే చేశారు."

అతను మంచికే చెబుతున్నాడని కనకానికి తెలిసింది. అందుకే కసరకుండా గ్లాసు తీసుకుంది. సుబ్బరాయలు ఆ సందులో, "సరి సార్, అట్లనే చేస్తాం" అనేశాడు.

"చేయం" అంది కనకం. "నా మిషను నా ఇంట్లోనే ఉంటాది. దాన్ని మంచం కిందకి తోయను."

"ఒక్క పూటేనండీ."

"ఒక పూట దాస్తే దినాం దాయాల. తలుపు చప్పుడైతే ఉలిక్కిపడాల. దొంగ సామానా ఇది? నా కూతురు కొనిచ్చిన మోటారు."

"అయితే నేను చూసింది రాయాల్సొస్తుంది."

"రాయండి. చూసింది రాసేదానికే కదా మిమ్మల్ని పంపించింది."

అతను రాశాడు. దరఖాస్తు కొట్టేశారు. ఆ తర్వాతి బిల్లుకల్లా ఇంటి మీటరు కమర్షియల్ అయిపోయింది. ఫ్యానూ ఫ్రిజ్జూ పూజగదిలో బల్బూ అన్నీ అంగడి లెక్కలోకి పోయాయి.

అనుప్రియకు కోపం ఆగలేదు. "అమ్మా, వీధిలో ఎల్లారూ అదే చేసినారు. నువ్వు ఒక్కదానివి మట్టుం ఏందికి ఇట్ల? ఏం అడిగినారు నిన్ను? ఒక పూట మంచం కింద పెట్టమన్నారు, అంతే కదా."

కనకం రవిక అంచు మడుస్తూ అడిగింది. "మీ ఆసుపత్రికి తనిఖీకి వస్తన్నారు, నువ్వు బాత్రూములో దాక్కో, నువ్వు ఈడ పనిచేస్తావని తెలియగూడదు అంటే దాక్కుంటావా?"

 అనుప్రియ బ్యాగు తీసుకుని డ్యూటీకి పోయింది.

కూతురి కోపం కన్నా సుబ్బరాయలు మౌనం ఆమెను ఎక్కువ బాధపెట్టింది.  మండీ పని మానేసి ఇంట్లోనే ఉంటున్న ఆయన మిట్టమధ్యాహ్నం ఫ్యాను ఆపేసి, బయట తిన్నె మీద తువ్వాలుతో విసురుకుంటూ కూర్చోవడం మొదలుపెట్టాడు. లోపల మిషను ముందు కూర్చున్న కనకానికి ఆ తువ్వాలు చప్పుడు వినిపించేది. నేను చేసింది తప్పా అని ఆమెకు అనిపించిందంటే ఆ మధ్యాహ్నాల్లోనే. లేచి వెళ్లి ఫ్యాను వేసి, "లోపలికి రా, నేను కుట్టేది మన ముగ్గురం ఉక్కపోతలో చచ్చేదానికి కాదు" అని ఆయన్ని పిలిచేది.

వీధి కూడా ఆమె మీద గుర్రుగానే ఉంది. ఒకరోజు పక్కింటి మలర్ పెరటి తలుపు నుంచి వచ్చింది. ఇడ్లీ పిండి రుబ్బి అమ్మే తమిళావిడ, భర్త లేడు. క్యాంపు వాళ్లు చూడడానికి వచ్చినప్పుడు పెద్ద గ్రైండరు మీద దుప్పట్లు కుప్పపోసి దాచింది. ఆమె మిద్దె మీద సోలార్ పలకలు అప్పటికే మెరుస్తున్నాయి.

"అక్కా, నీ వల్ల అందరిళ్లూ మళ్లీ చూస్తారంటున్నారు. నిజమా?" అని తమిళంలో అడిగింది.

"నేను ఎవరి పేరూ చెప్పలే మలర్. చెప్పను కూడా."

మలర్ వెళ్లలేదు. గడప మీద కూర్చుంది. పలకలు వచ్చినప్పటి నుంచీ నిమ్మళంగా పిండి రుబ్బలేకపోతున్నానంది. వీధిలో బండి ఆగిన చప్పుడైతే గ్రైండరు ఆపేస్తుందట. ఆ బండి వెళ్లేదాకా పప్పు సగం నలిగి అట్లాగే ఉంటుందట. చెబుతూ చెబుతూ కళ్లు తుడుచుకుంది.

కనకం మర్నాడే కరెంటాఫీసుకు వెళ్లింది. ఇల్లంటే ఏందో చెప్పండని అడిగింది. ఒక బల్ల దగ్గరి నుంచి ఇంకో బల్ల దగ్గరికి పంపించారు. రూలు మేం పెట్టింది కాదమ్మా అన్నారు అందరూ. మెట్లు దిగుతుంటే ఫణిధర్ వెనకాలే వచ్చాడు.

"ఇక్కడ ఎంత అడిగినా లాభం లేదండీ. ఈ రూళ్లు, రేట్లు కరెంటు కమిషన్ వాళ్లు పెడతారు. వచ్చే నెల వాళ్లు ఇక్కడికి వస్తున్నారు. హోటల్ హాల్లో విచారణ. ఎవరైనా లేచి మాట్లాడొచ్చు."

"ఎవరైనానా?"

"ఎవరైనానండీ. సాధారణంగా ఎవరూ రారు."

ఆ నెలంతా కనకం ఇల్లిల్లూ తిరిగింది. కుట్టేవాళ్లు, పిండి రుబ్బేవాళ్లు, పూలదండలకు చిన్న ఫ్రిజ్జు పెట్టుకున్నవాళ్లు, ఇంట్లో ట్యూషన్ చెప్పేవాళ్లు. అందరూ ఆమె మాట నిజమే అన్నారు. రమ్మంటే మాత్రం తల అడ్డంగా ఊపారు. వచ్చి నోరు తెరిస్తే తమ మీటర్లూ మారిపోతాయని వాళ్ల భయం. కనకం ఎవరినీ నిష్ఠూరంగా మాట్లాడలేదు. "సరే, నేను పోతన్నా. మనసైతే రండి" అని మాత్రం చెప్పింది.

విచారణ రోజు ఆమె వెంట వచ్చింది మలరూ, హుక్కులు కుట్టే ఇద్దరు ఆడవాళ్లూ. పెళ్లిళ్ల రోజులు కాబట్టి పని ఆపడానికి లేదు. వెనక వరసలో కూర్చుని కనకంతో కలిపి ముగ్గురు కుట్టేవాళ్లూ సంచుల్లోంచి రవికలు తీసి హుక్కులు కుట్టుకుంటున్నారు. హోటలు మనిషొకడు వచ్చి, ఇక్కడ పనులు చేయకూడదన్నాడు.

"ఏం పర్లేదు తంబీ" అంది కనకం. "ఇది ఎట్లాగూ కమర్షియలే కదా, మావల్ల కొత్తగా చెడిపోయేది ఏం లేదు."

ముందు వరసల్లో ఫ్యాక్టరీల వాళ్లు, పెద్ద హోటళ్ల వాళ్లు ఇంగ్లీషులో మాట్లాడారు. భోజనాల వేళ దగ్గర పడుతుంటే కనకం పేరు పిలిచారు. కమిషన్ ఛైర్మన్ ఉత్తరాది మనిషి. ఆమె తమిళంలో చెబితే ఆఫీసువాళ్లలో ఎవరైనా ఇంగ్లీషులోకి మార్చి చెప్పాలి. ఆఫీసువాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకుని, తమిళం కూడా వచ్చని ఫణిధర్‌ను లేపారు.

కనకం మైకు పట్టుకోలేదు. గొంతు ఎట్లాగూ చాలినంత ఉంది.

"నేను నా కూతురికి రవిక కుడితే ఇది ఇల్లు. పక్కింటి కూతురికి కుడితే అంగడి. కుట్టేది అదే మిషను, అదే గది, అదే నేను. కాళ్లతో తొక్కినన్నాళ్లూ నాది ఇల్లే. కాళ్లు పోయి మోటారు పెట్టుకుంటే కాకుండా పోయింది. పెద్ద పెద్ద బంగళాల్లో గదికో ఏసీ తిరుగుతా ఉంది. అవి ఇళ్లు. వాటికి సబ్సిడీ ఉంది. ఇంట్లో కూర్చోని చేతులతో బతికేవాళ్లకి లేదు. మేం పనిచేస్తామని మా ఎండ కూడా వేరే ఎండా?"

ఫణిధర్ ఒక్కో మాటా జాగ్రత్తగా ఇంగ్లీషులోకి మార్చాడు. ఛైర్మన్ తలెత్తి చూశాడు.

"చూడడానికి వచ్చినవాళ్లు మిషను ఒక పూట దాచమన్నారు. నేను దాచలే. అందుకే ఈడ నిలబడి ఉండా" అంది కనకం.

ఫణిధర్ ఒక్క క్షణం తడబడి, మిషను తీసేయమని సలహా ఇచ్చారని ఆమె చెబుతోందన్నాడు. కనకానికి ఇంగ్లీషు కొద్దిగానే వచ్చు. ఆ కొద్దీ దీనికి చాలు. అతని వైపు తిరిగి తెలుగులో, మెల్లిగానే అంది.

"తీసేయమనలే సార్. దాచమన్నారు. ఆ మాట చెప్పండి."

హాల్లో ఆ ఇద్దరికి తప్ప ఆ మాట ఎవరికీ అర్థం కాలేదు. ఫణిధర్ చెవులు ఎర్రబడ్డాయి. కావాలంటే ఆ మాట అక్కడే వదిలేయవచ్చు. కనకం అతని మొహంలోకే చూస్తూ నిలబడింది.

అతను ఛైర్మన్ వైపు తిరిగి సరిదిద్దాడు. దాచమన్నారని చెప్పాడు. ఎవరు అన్నారని ఛైర్మన్ అడిగాడు.

"నేనే సార్" అన్నాడు ఫణిధర్. "రూలు అట్లా ఉంది. ఆమెకు సాయం చేద్దామని అన్నాను."

ఛైర్మన్ కాగితం మీద ఏదో రాసుకున్నాడు. ఇట్లాంటి ఇళ్లు ఇంకా ఉన్నాయా అని అడిగాడు. కనకం వెనక్కి తిరిగి చూడలేదు. మాట ఇచ్చింది కదా, ఎవరి పేరూ చెప్పనని. అప్పుడు వెనక వరసలో కుర్చీ జరిగిన చప్పుడైంది. మలర్ లేచి నిలబడింది.

"నా ఇల్లుంది. గ్రైండరుంది. దుప్పట్లు కప్పి దాచాను" అంది. చెప్పాక కూడా కూర్చోలేదు, నిలబడే ఉంది.

వానాకాలం దాటాక కమిషన్ ఉత్తర్వు వచ్చింది. అనుప్రియ ఫోనులో చదివి తల్లికి అర్థం చెప్పింది. తమ ఇంట్లో తామే కుట్టుపని చేసుకునేవాళ్లది ఇకనుంచి ఇల్లే. మోటారున్నా ఇల్లే. సబ్సిడీ వస్తుంది, మీటరు కూడా పాత రేటుకు మారుతుంది. అనుప్రియ తల్లి భుజం మీద తల పెట్టి నవ్వింది. సుబ్బరాయలు లేచి ఫ్యాను వేగం పెంచాడు.

"మలర్‌ది?" అడిగింది కనకం.

అనుప్రియ మళ్లీ చదివింది. గ్రైండర్లు అందులో లేవు. అవి ఎక్కువ కరెంటు తాగే సామాన్లని రాశారు. ఆ పై వారమే మలర్ మీటరు కమర్షియల్ అయింది. సబ్సిడీ ఎందుకు వెనక్కి తీసుకోకూడదో చెప్పమని కాగితం కూడా వచ్చింది. అందరి ముందూ లేచి నిజం చెప్పినందుకు మలర్‌కు దక్కింది అదీ. నోరు మూసుకుని ఇళ్లలో కూర్చున్నవాళ్లు హాయిగా ఉన్నారు.

కనకం ఆ రోజు అన్నం తినలేదు. పక్కింటికి పోయి మలర్ ముందు కూర్చుంది.  "నేను రమ్మన్నందుకే కదా ఇట్లయింది" అంది.

"నువ్వు రమ్మన్నావు. లేవమనలేదు" అంది మలర్. "అక్కా, ఒక సంగతి చెప్పనా? ఇప్పుడు బండి చప్పుడైనా గ్రైండరు ఆపడం లేదు."

కనకం మిద్దె మీద సోలార్ పలకలు పెట్టారు. ఆమె వద్దనలేదు. ఇన్ని తిప్పలు పడి సాధించుకున్నదాన్ని కాలదన్నడానికి ఆమె పిచ్చిది కాదు. కానీ ఆ వారంలోనే ఫణిధర్ ఒక ఫోటోగ్రాఫరును వెంటబెట్టుకుని వచ్చాడు. ఇంట్లో పనిచేసుకునే ఆడవాళ్లకు సోలార్ అంటూ పోస్టర్లు వేస్తారట. పలకల పక్కన కనకం నిలబడితే చాలునట.

"నిలబడతా. మలర్ కూడా నిలబడాల, గ్రైండరుతో" అంది కనకం.

"ఆవిడది కమర్షియల్ అయిపోయింది కదండీ. పైవాళ్లు ఒప్పుకోరు."

"అట్లయితే నేనూ ఒప్పుకోను."

"మీకు మంచి పేరొస్తుందండీ. ఊరంతా మీ బొమ్మే."

"మా వీధిలో ఇద్దరం లేచినాం సార్. ఒకరిని పైకెక్కించి, ఇంకొకరిని కింద నిలబెట్టి, మేం అందరికీ మేలు చేసినామని గోడలకి అంటించుకుంటారా? నా మొహం దానికి ఇయ్యను."

ఫోటోగ్రాఫరు కెమెరా సర్దుకున్నాడు. నటేశన్ నగర్‌లో ఎవరో ఒప్పుకున్నారట, అక్కడికి వెళ్లిపోయాడు. ఫణిధర్ మాత్రం తిన్నె మీద కూర్చుండిపోయాడు. కాసేపాగి, ఉత్తర్వును మళ్లీ చూడమని కమిషన్‌కు అర్జీ పెట్టుకోవచ్చని చెప్పాడు. సబ్సిడీ కాగితానికి జవాబు ఎట్లా రాయాలో కూడా చెబుతానన్నాడు. ఇదంతా తను చెప్పినట్టు ఎవరికీ చెప్పొద్దని అనబోయి, కనకం మొహం చూసి ఆగిపోయాడు.

"చెప్పుకోండి, పర్లేదు" అన్నాడు.

మలర్ పెట్టిన అర్జీ తీసుకున్నారు. విచారణకు తేదీ పడింది. ఈసారి వీధిలోంచి పిండి రుబ్బేవాళ్లు, పూలవాళ్లు వస్తామన్నారు. ఎంతమంది నిజంగా వస్తారో కనకానికి తెలియదు. మాట్లాడేది మాత్రం తను కాదని తేల్చి చెప్పింది. గ్రైండరు మలర్‌ది, మాటా మలర్‌దే.

రోజూ సాయంత్రం మలర్ వచ్చి ముందు గదిలో నిలబడి చెప్పడం నేర్చుకుంటోంది. కనకం మిషను ఆపి, కళ్లజోడు పైకి తోసి వింటుంది. సుబ్బరాయలు ఛైర్మన్‌లాగా మంచం మీద కూర్చుంటాడు.

"అయ్యా, నన్ను మన్నించాలి..." అని మొదలుపెట్టింది మలర్.

"ఆగు" అంది కనకం. "మన్నించేదానికి నువ్వేం తప్పు చేసినావు? అది తీసేయ్. మళ్లీ చెప్పు."

మలర్ కొంగు నడుముకు దోపుకుంది. సుబ్బరాయలు సర్దుకుని నిటారుగా కూర్చున్నాడు.

"నా పేరు మలర్" అంది ఆమె. "ఇంట్లో పిండి రుబ్బి అమ్ముతాను. అది నా ఇల్లు."

"ఇంకా గట్టిగా" అంది కనకం.